ఒక విద్యార్థి, ఇద్దరు కోచ్‌లు: అండమాన్ మైదానాల్లో ఎవరి మాట చెల్లాలి?

డెబొరా హెరాల్డ్ లాంగ్ జంప్‌తో మొదలుపెట్టారు. ఎసో అల్బెన్ మొదట రోయింగ్ చేసేవాడు. డేవిడ్ బెక్హామ్, పేరుకు తగ్గట్టే, ఫుట్‌బాల్ ఆటగాడు. స్కూళ్ల మధ్య జరిగే సుబ్రతో కప్‌లో అండమాన్ తరఫున ఆడాడు. ముగ్గురిదీ నికోబార్ ప్రాంతమే. ముగ్గురికీ పేరు వచ్చింది మాత్రం సైకిల్ మీద.

డెబొరా 2015లో మహిళల 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 4వ స్థానానికి చేరారు. అంతకు ముందు ఏ భారతీయ సైక్లిస్టూ అంత పైకి వెళ్లలేదు. ఎసో 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎయిగిల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో కెరిన్ విభాగంలో రజతం గెలిచాడు. మరుసటి ఏడాది జర్మనీలో టీమ్ స్ప్రింట్ స్వర్ణం తెచ్చిన భారత జట్టులో ఉన్నాడు. బెక్హామ్ 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల దాకా వెళ్లాడు.

దేశ సైక్లింగ్ చరిత్రలో ఇది గర్వంగా చెప్పుకునే కథ. ఇందులో ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. ఈ ముగ్గురూ ఆట మారింది స్కూలు వయసులోనే. అంటే ఒక ఆటలో ఓనమాలు నేర్చుకుని, ఇంకో ఆటలో పతకం గెలిచారు. లెక్కలో పతకం రెండో ఆటకే చేరుతుంది. మొదటి ఆట నేర్పినవారి దృష్టిలో మాత్రం అది ఒక మంచి విద్యార్థి చేజారిపోవడమే.

బాగా పరుగెత్తే, బాగా దూకే పిల్ల స్కూల్లో ఒక్కరున్నా చాలు. అథ్లెటిక్స్ కోచ్, ఫుట్‌బాల్ కోచ్, కబడ్డీ నేర్పే పీఈటీ అందరి చూపూ ఆ పిల్ల మీదే ఉంటుంది. ఈ తగాదాలు అన్నిచోట్లా ఉన్నవే. కానీ దీవుల్లో అవి ఎందుకు మరింత బిగుసుకుంటాయి? పిల్లల మీద వాటి భారం ఎంత? బయటపడే దారి ఏమిటి?

జనం తక్కువ, జట్టు సైజు మాత్రం అదే

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అంటే అక్కడి స్కూలు మైదానంలో జరిగేది తెలుగువాళ్లకు పరాయి విషయం కాదు.

అవే లెక్కల్లో ఇప్పటి తెలంగాణ జనాభా సుమారు 3.5 కోట్లు. దీవులతో పోలిస్తే 90 రెట్లకు పైగా ఎక్కువ. కానీ ఫుట్‌బాల్ జట్టుకు తెలంగాణలోనూ 11 మందే, అండమాన్‌లోనూ 11 మందే. కబడ్డీకి ఏడుగురు, వాలీబాల్‌కు ఆరుగురు, వారి వెనుక రిజర్వ్ ఆటగాళ్లు. జాతీయ స్థాయి స్కూలు పోటీలకు ప్రతి రాష్ట్రం, ప్రతి కేంద్రపాలిత ప్రాంతం విడివిడిగా జట్లు పంపుతాయి. జనాభా తక్కువని జట్టులో మనుషుల సంఖ్య తగ్గదు. కాబట్టి చిన్న ప్రాంతంలో అవే నాలుగు ముఖాలు అన్ని సెలక్షన్లలోనూ కనిపిస్తాయి.

రెండో కారణం వెలుతురు. దీవులు దేశానికి బాగా తూర్పున ఉన్నా, గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. దీంతో 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాది పొడవునా సాయంత్రం 6 లోపే సూర్యుడు అస్తమిస్తాడు. డిసెంబరులో అయితే 5 గంటలకు అటూఇటూగా చీకటి మొదలవుతుంది. ఫ్లడ్‌లైట్లు లేని మైదానంలో స్కూలు వదిలాక మిగిలేది కొద్ది సమయమే. అన్ని ఆటలకూ అదే సమయం కావాలి.

మూడో కారణం వాన. దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తగలడంతో మే నుంచి డిసెంబరు దాకా వాన ఏ రోజైనా రావచ్చు. తెరిపి ఉండే జనవరి నుంచి ఏప్రిల్ వరకు పరీక్షల కాలం. మైదానం పొడిగా ఉన్నప్పుడు పిల్లలు పుస్తకాల ముందు ఉంటారు. ఆడుకునే తీరిక దొరికేసరికి మైదానం బురద.

నాలుగోది దూరం. కార్ నికోబార్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 270 కిలోమీటర్ల సముద్రం. దక్షిణాన క్యాంప్‌బెల్ బే మరింత దూరం. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకో, విశాఖకో ఓడలో వెళ్లాలంటే సుమారు మూడు రోజులు. హైదరాబాద్ పిల్లాడు ఉదయం ఒక మీట్‌లో పరుగెత్తి, సాయంత్రం ఇంకో మ్యాచ్ ఆడగలడు. దీవుల పిల్లాడు ఒక పోటీకి ఓడ ఎక్కాడంటే రోజుల తరబడి రెండో కోచ్‌కు దొరకడు.

కోచ్ తప్పేమీ లేదా?

పిల్లాణ్ని వదలని కోచ్‌ను స్వార్థపరుడని అనేయడం తేలిక. కానీ ఆయన జీతం, పొడిగింపు, బదిలీ, పేరు అన్నీ దేని మీద ఆధారపడి ఉన్నాయో చూడాలి. పై అధికారులు అడిగేది ఒక్కటే. మీ ఆటలో ఎంతమంది జాతీయ స్థాయికి వెళ్లారు? ఎన్ని పతకాలు వచ్చాయి? ఒక పిల్లకు పరుగెత్తడం సరిగ్గా నేర్పి, ఆమెను వేరే ఆటలో మేటిగా నిలబెట్టిన కోచ్ నివేదికలో ఆ మాట రాసుకోవడానికి గడి ఉండదు.

కేంద్ర పథకాలు కూడా ఆటలవారీగానే నడుస్తాయి. భారత క్రీడా ప్రాధికార సంస్థ శిక్షణ కేంద్రంలో సీటు వచ్చేది ఒక ఆటలోనే. హాస్టల్, భోజనం, కిట్ అన్నీ ఆ ఆట పేరు మీదే. పనితీరు తగ్గితే జాబితా నుంచి పేరు పోతుంది. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారులకు నెలకు ఇచ్చే 10,000 రూపాయల జేబు ఖర్చు కూడా ఒక ఆటలో గుర్తింపు పొందితేనే వస్తుంది. ఆ ఆట కోచ్, తన లెక్కలో ఉన్న పిల్ల ఇంకో మైదానంలో మోకాలు బెణికించుకుంటే ఊరుకోమంటే ఎలా ఊరుకుంటారు?

జట్టు ఆటల కోచ్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. పరుగు పందెం సాధన చేసే పిల్ల ఒక రోజు రాకపోతే నష్టం ఆమె ఒక్కతికే. ఫుట్‌బాల్‌లో ఒక వింగర్ రాకపోతే మిగిలిన పది మంది సాధన దెబ్బతింటుంది. సగం రోజులు రాని పిల్లను మ్యాచ్ రోజున ఆడిస్తే, రోజూ వచ్చి బెంచి మీద కూర్చున్న పిల్ల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు జవాబు ఉండదు.

ఇద్దరి మధ్య నలిగేది ఎవరు?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 9వ తరగతి అమ్మాయి, 14 ఏళ్లు. 400 మీటర్లలో జిల్లా స్థాయికి వెళ్లింది. స్కూలు ఫుట్‌బాల్ జట్టులోనూ ఉంది.

‘‘సార్, రేపు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది, రాలేను’’ అంటుంది. ‘‘అయితే ఎల్లుండి కూడా అక్కడికే వెళ్లమ్మా’’ అంటారు అథ్లెటిక్స్ సార్. అందులో కోపం కంటే బాధే ఎక్కువ ఉండొచ్చు. కానీ ఆ పిల్లకు వినిపించేది బెదిరింపే. ఆమె రెండోసారి నిజం చెప్పదు. ఒక చోట ఒళ్లు బాగాలేదని, ఇంకో చోట ట్యూషన్ ఉందని చెప్పి రెండు చోట్లా ఆడుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. ఉదయం రెండు గంటలు పరుగు, సాయంత్రం రెండు గంటలు ఫుట్‌బాల్. వారానికి ఆరు రోజులు లెక్కేస్తే 24 గంటలు. తన దగ్గర 12 గంటలే కదా అని ఇద్దరు కోచ్‌లూ అనుకుంటారు. మొత్తం 24 అని తెలిసింది ఆ పిల్ల కాళ్లకు మాత్రమే.

ఈ వయసులో ఎముకలు వేగంగా పెరుగుతాయి. కండరాలు, వాటిని ఎముకకు కలిపే నరాల్లాంటి పట్టీలు ఆ వేగాన్ని వెంటనే అందుకోలేవు. మోకాలి చిప్ప కింద, మడమ వెనుక, ఎముక ఇంకా గట్టిపడని చోట లాగుడు పడి నొప్పి వస్తుంది. దూకడం, పరుగెత్తడం ఎక్కువగా ఉండే ఆటల్లో 10 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఇది మామూలే. విశ్రాంతి ఇస్తే చాలావరకు తగ్గిపోతుంది. కానీ నొప్పి ఉందని చెబితే ఏదో ఒక జట్టులో చోటు పోతుందన్న భయం ఉన్న పిల్ల ఆ మాట చెప్పదు.

ఇంట్లోవాళ్లు ఆపుతారా అంటే, వాళ్లకూ కారణాలున్నాయి. జాతీయ స్థాయి స్కూలు క్రీడల్లో రాష్ట్రం లేదా కేంద్రపాలిత ప్రాంతం తరఫున ఆడిన సర్టిఫికెట్ ఉంటే, గుర్తింపు ఉన్న ఆటల్లో కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలకు స్పోర్ట్స్ కోటాలో అర్హత వస్తుంది. ప్రైవేటు ఉద్యోగాలు పెద్దగా లేని దీవుల్లో అది చిన్న విషయం కాదు. రెండు ఆటలు ఆడితే రెండు అవకాశాలు అనుకుంటారు తల్లిదండ్రులు. హాస్టల్ సీటు అంటే చదువు, తిండి రెండూ గడిచినట్టే. అలాంటి సీటు ఇచ్చిన కోచ్ మాట కాదనడం ఏ కుటుంబానికైనా కష్టం.

పరిశోధనలు ఏం తేల్చాయి?

చిన్నప్పటి నుంచి ఒకే ఆట పట్టుకుంటేనే పైకి వస్తారన్నది చాలామంది నమ్మకం. 2021లో ఆర్నె గుల్లిక్, ఆయన సహచరులు ప్రచురించిన ఒక విశ్లేషణ దాన్ని ప్రశ్నించింది. అంతకు ముందు జరిగిన అధ్యయనాల నుంచి 6,096 మంది క్రీడాకారుల వివరాలను వాళ్లు కలిపి చూశారు. వారిలో 772 మంది ప్రపంచ స్థాయి మేటి ఆటగాళ్లు.

ఈ మేటి ఆటగాళ్లు, వారి కంటే ఒక మెట్టు కింద ఆగిపోయినవారితో పోలిస్తే, చిన్నతనంలో వేరే ఆటలు ఎక్కువ ఆడారు. అసలు ఆటను ఆలస్యంగా మొదలుపెట్టారు. మొదట్లో నెమ్మదిగా ఎదిగారు. జూనియర్ స్థాయిలో మెరిసినవారి కథ ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంది. వాళ్లు ముందే ఒక ఆటకు కట్టుబడి, త్వరగా పైకి వచ్చారు.

కోచ్‌ల గొడవకు మూలం ఒక రకంగా ఇందులోనే ఉంది. అండర్-14, అండర్-17 పతకం కావాలంటే పిల్లను ఒకే ఆటకు కట్టేయడం పనిచేస్తుంది. పాతికేళ్లకు పతకం కావాలంటే కట్టేయకపోవడమే మేలు కావచ్చు. స్కూలు కోచ్‌ను లెక్క అడిగేది మాత్రం ఈ ఏడాది పతకాల గురించే.

గాయాల విషయంలోనూ ఆధారాలున్నాయి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 29 హైస్కూళ్లకు చెందిన 1,544 మంది విద్యార్థి క్రీడాకారులను పరిశీలించి 2017లో ఒక అధ్యయనం వెలువడింది. ఒకే ఆటకు గట్టిగా అంకితమైనవారికి కాలి గాయాలయ్యే అవకాశం, అలా కానివారి కంటే 85 శాతం ఎక్కువని తేలింది. ఓ మోస్తరుగా అంకితమైనవారిలో అది 50 శాతం ఎక్కువ. ఒకే కదలిక పదేపదే అదే కీలు మీద భారం వేయడం ఇందుకు ఒక కారణమని వైద్యులు అంటారు.

ఇవన్నీ ఎక్కువగా సంపన్న దేశాల లెక్కలు. జిమ్నాస్టిక్స్ లాంటి కొన్ని ఆటలకు చిన్నప్పుడే మొదలుపెట్టక తప్పదు. రెండు ఆటలు మంచివన్నది, రెండింతల సాధన మంచిదన్నది ఒకటే మాట కాదు. క్రీడా శిక్షణలో గాయాలను చూసే అమెరికా నిపుణుల సంఘం 2019లో ఇచ్చిన సూచనలు ఆ తేడాను గుర్తిస్తాయి. పిల్ల వయసు ఎన్నేళ్లో, వారానికి సాధన అన్ని గంటలు దాటకూడదు. వారంలో రెండు రోజులు విశ్రాంతి ఉండాలి. ఒక ఆట ఏడాదిలో ఎనిమిది నెలలు మించకూడదు. ఒక సమయంలో ఒక జట్టులోనే ఆడాలి. ఈ లెక్కన మన 14 ఏళ్ల అమ్మాయి ఆడాల్సింది 14 గంటలు. ఆడుతున్నది 24.

1936లో ఒక ఎంపిక

రెండు ఆటల మధ్య నలగడం కొత్తేమీ కాదు. మద్రాసుకు చెందిన ఎం.జె. గోపాలన్ క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్, హాకీలోనూ మేటి. 1936లో రెండు పిలుపులు ఒకేసారి వచ్చాయి. ఒకటి బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ జట్టు, రెండోది ఇంగ్లండ్ క్రికెట్ పర్యటన. ఆయన క్రికెట్ ఎంచుకున్నారు. ఇంగ్లండ్‌లో ఒక్క టెస్టులోనూ ఆడించలేదు. హాకీ జట్టు బెర్లిన్ నుంచి స్వర్ణంతో తిరిగొచ్చింది.

అదే పర్యటనలో కోటా రామస్వామి కూడా ఉన్నారు. మద్రాసు క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడి కుమారుడు. 1922లో భారత్ తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడి, 14 ఏళ్ల తర్వాత, 40 ఏళ్ల వయసులో మాంచెస్టర్‌లో టెస్టు క్రికెట్‌లోకి అడుగుపెట్టారు. తొలి టెస్టులోనే 40, 60 పరుగులు చేశారు. గోపాలన్‌కు రెండు ఆటలూ ఒకే వేసవిలో ఎదురుపడ్డాయి. రామస్వామికి వేర్వేరు సమయాల్లో వచ్చాయి. తేడా ప్రతిభలో లేదు, తేదీల్లో ఉంది.

అమెరికా హైస్కూళ్లు ఈ తేదీల సమస్యను సీజన్లతో కొంతవరకు తప్పిస్తాయి. శరదృతువులో కొన్ని ఆటలు, చలికాలంలో కొన్ని, వసంతంలో కొన్ని. ఒకే పిల్ల మూడు జట్లలోనూ ఆడొచ్చు. అయినా గొడవలు ఆగలేదు. సీజన్ లేనప్పుడు కూడా జిమ్‌కో, ప్రైవేటు క్లబ్‌కో రమ్మని కోచ్‌లు ఒత్తిడి చేస్తుంటారు. క్యాలెండర్ సగం పని చేస్తుంది. మిగతా సగం కోచ్‌ల మధ్య ఒప్పందం చేయాలి.

ఆట మారడం ఓటమి కాదు

రెబెకా రొమెరో బ్రిటన్ తరఫున 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రోయింగ్‌లో రజతం గెలిచి, 2008 బీజింగ్‌లో సైక్లింగ్ స్వర్ణం గెలిచారు. హెలెన్ గ్లోవర్ 2008లో రోయింగ్ మొదలుపెట్టి 2012లో ఒలింపిక్ స్వర్ణం అందుకున్నారు. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ పరుగు పందాలతో మొదలుపెట్టి బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయ్యారు. కాళ్లలో పేలుడు శక్తి, ఊపిరి పట్టు, అలసటను ఓర్చుకునే అలవాటు ఒక ఆట నుంచి ఇంకో ఆటకు వెంట వస్తాయి.

ఈ సంగతి మన క్రీడా పాఠశాలలకు తెలియనిది కాదు. హకీంపేటలోని తెలంగాణ క్రీడా పాఠశాల 4వ తరగతిలో పిల్లలను చేర్చుకునేటప్పుడు ఏ ఆట వచ్చని అడగదు. ఎత్తు, బరువు, పరుగు వేగం, నిలుచున్న చోటి నుంచి దూకే దూరం, మెడిసిన్ బాల్ విసిరే బలం, ఒంటి ఒడుపు చూస్తుంది. అంటే ఆ వయసులో ఉండేది ఆట కాదు, ఒళ్లు మాత్రమేనని వ్యవస్థే ఒప్పుకుంటోంది.

ఒప్పందం ఎలా ఉండాలి?

పెద్ద ఖర్చు లేకుండా, ఒక జిల్లా విద్యాశాఖ స్థాయిలోనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది వయసు గీత. స్కూలు క్రీడల్లో అండర్-14, అండర్-17, అండర్-19 అనే విభాగాలు ఇప్పటికే ఉన్నాయి. 14 ఏళ్ల లోపు పిల్ల మీద ఏ కోచ్‌కూ గుత్త హక్కు ఉండదని చెప్పొచ్చు. 17 లోపు ఒక ప్రధాన ఆట, ఒక రెండో ఆట. ఆ తర్వాత ఎంపిక పిల్లది.

రెండోది ఘర్షణ వచ్చినప్పుడు పాటించే వరుస. సాధన కంటే పోటీ ముఖ్యం. చిన్న పోటీ కంటే పెద్ద పోటీ ముఖ్యం. రెండూ ఒకే స్థాయి అయితే పిల్ల చెప్పిందే ఖాయం. ఏడాది మొదట్లోనే దీన్ని కాగితం మీద రాసి, ఇద్దరు కోచ్‌లూ, తల్లిదండ్రులూ సంతకం చేస్తే, మ్యాచ్ ముందురోజు రాత్రి వాదన ఉండదు.

మూడోది ఒకే డైరీ. ఎవరి దగ్గర ఎన్ని గంటలు ఆడిందో, ఎక్కడ నొప్పి ఉందో రాసే పుస్తకం ఒకటి. ఏ ఆటకూ చెందని ఒక టీచర్ దాన్ని వారానికోసారి చూడాలి. 24 గంటలు అన్న అంకె ముందు కనిపించాల్సింది పెద్దవాళ్లకు.

నాలుగోది క్యాలెండర్. ఓడ టికెట్లు, వానలు, పరీక్షలు చూసుకుని అన్ని ఆటల సెలక్షన్ తేదీలనూ విద్యా సంవత్సరం మొదట్లోనే ఒకే కాగితం మీద పెట్టాలి. కార్ నికోబార్ పిల్ల ఒకే ప్రయాణంలో రెండు సెలక్షన్లకు హాజరు కాగలిగితే ఆమెకు, ప్రభుత్వానికి ఇద్దరికీ మేలే.

అయిదోది, అన్నిటికన్నా కష్టమైనది, మొదటి కోచ్‌కు దక్కాల్సిన పేరు. పిల్ల ఏ ఆటలో పతకం గెలిచినా ఆమెకు పరుగు, దూకడం నేర్పినవారి పేరు రికార్డులో ఉండాలి. ఆ కోచ్ పనితీరు లెక్కలో అది కలవాలి. పిల్లను పంపితే తనకు పోయేది ఏమీ లేదని తెలిసినప్పుడు, పట్టుకుని కూర్చోవాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

వీటన్నిటికీ ముందు ఒక చిన్న నియమం కావాలి. రెండో ఆట ఆడినందుకు ఏ పిల్లనూ బెంచి మీద కూర్చోబెట్టకూడదు, హాస్టల్ సీటు తీసేస్తామని బెదిరించకూడదు. ఆ భయం ఉన్నంతకాలం డైరీలో నిజమైన గంటలు రాయరు, నొప్పి సంగతి చెప్పరు. దీవుల్లాంటి చోట, ఉన్న కొద్దిమంది మంచి ఆటగాళ్లలో ఒకరు మోకాలి నొప్పితో 16 ఏళ్లకే మైదానం వదిలేస్తే, నష్టపోయేది ముందు ఆ పిల్ల, ఆ తర్వాత ఆ ఇద్దరు కోచ్‌లూ.